క్రైస్తవ జీవనమున సత్యము, ధైర్యము, దీక్ష

విశ్వాసమనగా నేమని యడిగినచో సండేస్కూలు బాలుడు సయితము తడుముకొనక ప్రత్యుత్తరము చెప్పును. విశ్వాసము చొప్పున బ్రదుకుట యెట్లని యడిగినచో పెద్దలు కూడ కొంతసేపు ఆలోచింతురు. మొదటిది కంఠపాఠమునకు లొంగును; రెండవది ప్రతిదినమును క్రొత్తగా నేర్చుకొనవలసినది. దీనికి ముఖ్యముగా మూడు గుణములు కావలెను. ఉన్నదానిని ఉన్నట్లు చెప్పుట సత్యము. అట్లు చెప్పినందున కలుగు నష్టమునకు వెనుదీయకుండుట ధైర్యము. ఆ నష్టము ఒక్కనాటితో తీరక యేండ్ల తరబడి వెంటవచ్చినను విసుగక నిలుచుట దీక్ష. ఇవి వేర్వేరుగా కనబడినను ఒకే త్రాటిలోని మూడు పురులు. ఒకటి తెగినచో తక్కిన రెండును బరువు మోయజాలవు.

ప్రొద్దుటూరు బంగారపు వ్యాపారమునకు పేరుపొందిన పట్టణము. నగ యెంత మెరసినను ఒరగల్లుపై గీచి చూడనిదే వెలకట్టకుండుట ఆ వృత్తివారికి అనాదిగా వచ్చిన వాడుక. గీత మిక్కిలి చిన్నది. గాని మేలిమి యెంతయో కల్తీ యెంతయో అదే చెప్పివేయును. మన విశ్వాసమునకును ఒక ఒరగల్లు కావలెను. ఆదిసంఘపు హతసాక్షులకు సింహముల బోను ఒరగల్లాయెను. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతపు పల్లెలనుండి చదువుకొనవచ్చు మన బాలబాలికలకు అట్టి బోనులు లేవు. వారిలో అనేకుల ఒరగల్లు ఒక కాగితము. జూను మాసమున పాఠశాలలో చేరుటకు ఇచ్చు దరఖాస్తులో మతము, కులము అని రెండు గళ్లుండును. ఆదివారమున ఆరాధనకు వెళ్లు కుటుంబము సోమవారమున ఆ గళ్లలో ఏమి వ్రాయవలెను? ఈ ప్రశ్నను గూర్చి సంఘములలో గుసగుసలు కలవు గాని బహిరంగముగా మాటలాడుట అరుదు. కాబట్టి దానినే ఇచ్చట విచారింతము.

ఆ రెండు మాటలకు అంత బరువు ఎట్లు వచ్చినదో పిల్లలు తెలిసికొనుట మంచిది. 1950 ఆగస్టు 10వ తేదీన రాష్ట్రపతి ప్రకటించిన షెడ్యూల్డు కులముల ఉత్తరువులో, హిందూమతము గాక వేరొక మతమును అవలంబించువాడు షెడ్యూల్డు కులస్థుడుగా ఎంచబడడని మూడవ పేరా చెప్పుచున్నది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను ఆ నియమములో చేర్చుకొనిరి. క్రైస్తవులును ముసల్మానులును వెలుపలనే నిలిచిరి. ఆంధ్రప్రదేశమున షెడ్యూల్డు కులములకు ప్రత్యేకింపబడిన భాగము నూటికి 15. ఆ కులములనుండి క్రైస్తవులైనవారును వారి సంతానమును వెనుకబడిన తరగతులలో ‘సి’ వర్గముగా ఏర్పరచబడిరి; వారి భాగము నూటికి 1. విద్యార్థివేతనముల వంటి కొన్ని సహాయములను 1977లో రాష్ట్రప్రభుత్వము ఇట్టి క్రైస్తవులకును విస్తరింపజేసినను, ఉద్యోగములలోని భాగమును, చట్టసభలలోని స్థానములను ఇచ్చు అధికారము దానికి లేదు. కావున ఒక గడిలో ఒక్క మాట మారినచో పదునైదు ఒకటి యగును. కూలిచేసి బిడ్డను చదివించు తండ్రికి ఇది చిన్న లెక్కగాదు. అతడు కలము పట్టి తటపటాయించినచో అతనిని చూచి నవ్వువాడు కఠినహృదయుడు.

ఇందులో మరొక బాధ కలదు. బాప్తిస్మపు నీటితో కులము కడుగబడినదని చట్టము తలంచుచున్నది. ఊరు అట్లు తలంచుట లేదు. ఇల్లు అద్దెకడిగినప్పుడు, పెండ్లిమాట వచ్చినప్పుడు, క్రైస్తవుడైనవాని పాత కులమును జ్ఞాపకము చేయువారు ఇప్పటికిని కలరు. సంఘములోపల సయితము కులము చూచి సంబంధములు కలుపుకొనువారు లేరని మనము ప్రమాణము చేయగలమా? ఇట్టి స్థితిలో ఈ చట్టము న్యాయమైనదేనా యని అడుగుట తప్పుగాదు. అట్లడిగినవారు అనేకులు. ఈ విషయమై 2004లో సుప్రీముకోర్టున వ్యాజ్యము దాఖలాయెను. జస్టిస్ రంగనాథ మిశ్రా అధ్యక్షతనుండిన కమిషను 2007లో ఇచ్చిన నివేదికలో మతమునుబట్టి ఏర్పరచిన ఈ కట్టుబాటును తొలగింపవలెనని సలహా ఇచ్చెను. 2022లో కేంద్రప్రభుత్వము జస్టిస్ కె. జి. బాలకృష్ణన్ అధ్యక్షతన మరొక కమిషనును నియమించెను. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ దళిత క్రైస్తవులను షెడ్యూల్డు కులములలో చేర్చుమని కేంద్రమును కోరుచు తీర్మానించెను. ఇవన్నియు వెలుగులో అడిగిన అడుగుటలు. చట్టము తప్పనిపించినచో దానిని మార్చుమని సంతకముతో అడుగుట యొక మార్గము. చట్టమును ఉన్నచోట ఉండనిచ్చి మన పేరును మరుగుచేసికొనుట మరొక మార్గము. మొదటిదానిలో క్రైస్తవుడు నిటారుగా నిలిచియుండును, రెండవదానిలో వంగిపోవును.

న్యాయస్థానములు రెండవ మార్గమును గూర్చి స్పష్టముగా పలికినవి. బాప్తిస్మము పొంది, క్రమముగా ఆరాధనకు వెళ్లుచు, ఉద్యోగము నిమిత్తము తాను హిందువునని ధ్రువపత్రము కోరిన యొకరి వ్యాజ్యమును 2024 నవంబరులో సుప్రీముకోర్టు కొట్టివేసెను. మనసులో నమ్మిక లేకుండ లాభము కొరకు మాత్రమే ఒక మతమును చెప్పుకొనుట రాజ్యాంగమును వంచించుటయే యని ఆ తీర్పు సారాంశము. క్రైస్తవమతమును అవలంబించినవాడు ఆనాటినుండియే షెడ్యూల్డు కులస్థునికి గల హక్కులను కోల్పోవునని 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టును తీర్పు చెప్పెను. అయితే దండనభయముచేత సత్యము చెప్పుట క్రైస్తవుని మెట్టుగాదు. తీర్పులు రాకపూర్వము కూడ ఈ ప్రశ్న మనయెదుట ఉండెను.

మన పూర్వికుల చరిత్ర ఈ ప్రశ్నకు ఎట్లు సంబంధించునో చూతము. క్రైస్తవులను ఎత్తిపొడుచు పాత మాట యొకటి కలదు: వీరు కూటికొరకు మతములో కలిసినవారని. ఆ మాటకు మూలము 1876–78 సంవత్సరముల మహాక్షామము. దానినే మన పెద్దలు ఆ సంవత్సరముల పేర్లతో ధాత కరవనియు ఈశ్వర కరవనియు చెప్పుకొనిరి. 1871లో 13 లక్షలు మించియుండిన కడప జిల్లా జనసంఖ్య 1881 నాటికి 11 లక్షల చిల్లరకు దిగిపోయెను. ఈ జిల్లాలో లండను మిషనువారు పని ప్రారంభించినది 1822లో, అనగా కరవునకు ఏబదియేండ్లకు పైబడి మునుపు. కాబట్టి సువార్త గంజికుండతో వచ్చెననుట చరిత్రకు సరిపడదు. అయినను కరవు పిమ్మట తెలుగుదేశమున వేలకొలది జనులు సంఘములో చేరిరనుటయు సత్యమే. సత్యమును కోరువారు రెంటిని చెప్పవలెను.

ఆ కాలమున అట్టి నింద రాగలదని ముందే యెరిగి జాగ్రత్తపడినవా రుండిరి. ఒంగోలులోని అమెరికను బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారు బకింగుహాము కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకమును గుత్తకు తీసికొని, ఆకలిగొన్నవారికి పనియు కూలియు కల్పించెను. పనివారిలో అనేకులు బాప్తిస్మము నిమ్మని వేడుకొనిరి. ఆయన ఇయ్యలేదు. కూలికొరకు వచ్చినవారెవరో, క్రీస్తుకొరకు వచ్చినవారెవరో కరవు తీరిన పిమ్మటగాని తెలియదని ఏడాదికి పైగా బాప్తిస్మములను నిలిపివేసెను. వానలు కురిసి, సహాయధనము నిలిచిపోయి, ఇక లాభమేమియు లేదని తెలిసిన తరువాత కూడ జనులు వచ్చి అడిగిరి. అప్పుడు 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ యొడ్డున వెల్లంపల్లి యొద్ద 2,222 మంది ఒక్కదినమున బాప్తిస్మము పొందిరి. సంఖ్య పెద్దదని ఈ సంగతిని కొనియాడుదురు. నాకు సంఖ్యకంటె ఆయన నిరీక్షించిన ఆ ఏడాది గొప్పదిగా తోచుచున్నది. విశ్వాసమునకును లాభమునకును నడుమ ఒక గీత గీచి, ఆ గీత దాటి వచ్చినవారిని చేర్చుకొనెను.

మన ప్రాంతమునను ఈ నీతికి సాక్ష్యము కలదు. జమ్మలమడుగులో పందొమ్మిదవ శతాబ్దపు చివరి దశాబ్దమున లండను మిషనుకు చెందిన డాక్టరు విన్సెంటు క్యాంబెలు నెలకొల్పిన ఆసుపత్రి ఆయన యింటిపేరుతోనే నేటివరకు పిలువబడుచున్నది. చుట్టుప్రక్కల పల్లెలనుండి అన్ని కులములవారును అన్ని మతములవారును అచ్చటికి వచ్చిరి. మందు పుచ్చుకొన్నవారు మతము పుచ్చుకొనవలెనను బేరము లేదు. ఇచ్చువాడు బేరమాడకూడదని మనము ఒప్పుకొనుచున్నాము గదా. పుచ్చుకొన్న విశ్వాసమును మనమును బేరమునకు పెట్టకూడదు. ఆనాడు లాభము చేరుటలో ఉండెను. నేడు లాభము దాచుటలో ఉన్నది. పేర్లు మారినవి గాని శోధన యొక్కటే. మన ముత్తాతలు కూటికొరకు చేరినవారు కారని ఋజువు చేయవలసిన భారము మన మీద పడియున్నది. దానిని వాదములతో ఋజువు చేయలేము. నష్టము వచ్చినప్పుడు మనము ఏమి చేసితిమో అదే ఋజువు.

ఇంక సత్యమును గూర్చి. అననీయ, సప్పీర అను దంపతుల కథ పిల్లలందరును ఎరుగుదురు. పొలమమ్మి అంతయు ఇయ్యవలెనని వారిని ఎవరును నిర్బంధింపలేదు. కొంత ఉంచుకొనుట తప్పుగాదు. కొంత తెచ్చి అంతయు తెచ్చితిమని చెప్పుట తప్పాయెను. అట్లే పేదరికము తప్పుగాదు, ప్రభుత్వ సహాయమును కోరుట తప్పుగాదు. దేవునియెదుట ఒక పేరును తహసీలుదారునియెదుట మరొక పేరును చెప్పుటలోనే దోషమున్నది.

కాగితమే గదా, హృదయము దేవునికి తెలియును గదా యని కొందరందురు. ఈ వాదము క్రొత్తది గాదు. క్రీస్తుశకము 250లో రోమా చక్రవర్తి దెకియు అందరును దేవతలకు బలి అర్పించి, అట్లు చేసినట్లు అధికారుల సంతకముతో ధ్రువపత్రము పొందవలెనని ఆజ్ఞాపించెను. అట్టి పత్రములు నలువదికి పైగా ఐగుప్తు ఇసుకలో మన కాలమున దొరకినవి. క్రైస్తవులలో కొందరు బలి అర్పించిరి. కొందరు చెరసాలకు వెళ్లిరి. మూడవ తెగవారు బలి అర్పింపక, అధికారికి డబ్బిచ్చి, అర్పించినట్లు పత్రము మాత్రము సంపాదించుకొనిరి. మేము విగ్రహమును ముట్టలేదు, కాగితమును మాత్రమే కొంటిమి అని వీరి సమాధానము. కార్తేజి బిషప్పగు కుప్రియాను ఈ సమాధానమును ఒప్పుకొనలేదు. చేయి చేయని పనిని కాగితము ఒప్పుకొనినదనియు, ఆ యొప్పుకోలు వారిదే యనియు ఆయన యెంచెను. అయినను వారిని శాశ్వతముగా వెలివేయుటకును ఆయన సమ్మతింపలేదు. 251లో కూడిన సభలో, బలి అర్పించినవారికంటె వీరి దోషము తేలికయని యెంచి, పశ్చాత్తాపపడినవారిని మరల చేర్చుకొనుటకు తీర్మానించిరి. ఆ కుప్రియాను తానే 258లో విశ్వాసము నిమిత్తము శిరచ్ఛేదము పొందెను. తన ప్రాణము విషయమై అంత కఠినుడు, ఇతరుల బలహీనత విషయమై అంత దయాళువు. మన సంఘములకు ఈ రెండును కావలెను.

సత్యము ఈ యొక్క గడిలో మాత్రమే యున్నదని పిల్లలు తలంపరాదు. పరీక్షలో చీటీ దాచినవాడును, పేరు దాచినవాడును ఒకే బడిలో చదివినవారు. మిషను పనివారికిని ఒక మాట. పేదవాని దరఖాస్తులో సత్యము కోరు మనము కానుకల లెక్కలను, హాస్టలు బియ్యపు లెక్కలను, మందిర నిర్మాణపు చందాలను సంఘమునెదుట తెరచి చూపవలెను. కూలివాడు ఒక గడిలో అబద్ధము వ్రాసినచో తన బిడ్డ చదువుకొరకు వ్రాసెను. మన లెక్కలో తప్పున్నచో దానికి ఆ సాకైనను లేదు.

ధైర్యమను మాట రాయలసీమలో తరచుగా వినబడును. పాతకక్షల సీమయని మనకు పేరు వచ్చినది. పదిమందిని వెంటబెట్టుకొని తిరుగువానిని ధీరుడనుట, దెబ్బకు దెబ్బ తీసినవానిని మగవాడనుట మన పల్లెలలో పిల్లలు వినుచునే పెరుగుదురు. క్రీస్తు శిష్యుని ధైర్యము వేరు. పేతురు తోటలో కత్తి దూసెను. అంతట ఆయన ధైర్యవంతుడని అందరును తలంచియుందురు. అదే రాత్రి చలిమంటయొద్ద ఒక దాసి అడిగిన చిన్న ప్రశ్నకు ఆయన జడిసెను. కత్తికి చాలిన ధైర్యము ఒక్క మాటకు చాలలేదు. నీవును వారిలోనివాడవు కావా యను ఆ ప్రశ్నయే నేడు దరఖాస్తు గడిలో అచ్చుపడియున్నది.

ధైర్యము ఒక్కనాట రాదు. నీకొదేము మొదట రాత్రివేళ వచ్చెను. తరువాత సభలో న్యాయముకొరకు ఒక మాట పలికెను. కడపట, శిష్యులే పారిపోయిన దినమున, పట్టపగలు సుగంధద్రవ్యములు మోసికొని సిలువయొద్దకు వచ్చెను. కావున నేడు రాత్రివేళ వచ్చువానిని చూచి పగటివారు గర్వపడరాదు. ఎవరి హృదయమున విశ్వాసము ఎంతవరకు వచ్చినదో మనకు తెలియదు. కుటుంబములో తల్లి మాత్రమే నమ్మి, తండ్రి నమ్మని యిండ్లు కలవు. ఆరాధనకు వచ్చుచు ఇంకను బాప్తిస్మమునకు నిర్ణయించుకొనని వారు కలరు. హిందూమతమున నిజముగా నిలిచి క్రీస్తునందు గౌరవము మాత్రము గలవారు కలరు. వారు తమకున్న స్థితిని అట్లే వ్రాసినచో అది సత్యమే. ఒకరి కాగితమును మరొకరు వెదకి ఫిర్యాదు చేయుట సాక్ష్యము గాదు. అది కక్షకు మరొక పేరు. ఎవరి గడిని వారే పరీక్షించుకొనవలెను.

ధైర్యమును నిలువబెట్టునది దీక్ష. ఒక సత్యవాక్యము చెప్పుటకు ఒక నిమిషము చాలును. దాని ఫలితమును భరించుటకు పదేండ్లు పట్టవచ్చును. ఆ పదేండ్లును ఆ కుటుంబమును ఒంటరిగా విడిచిపెట్టిన సంఘమునకు, సత్యము చెప్పుమని బోధించు అర్హత లేదు. ఇక్కడనే మన దీక్ష పరీక్షకు వచ్చును. 1908లో దక్షిణ భారత ఐక్యసంఘమును, 1947 సెప్టెంబరు 27వ తేదీన దక్షిణ ఇండియా సంఘమును ఏర్పడినప్పుడు వేర్వేరు మిషనుల సంతానము ఒక బల్లయొద్దకు వచ్చిరి. సంఘములు అంత దూరము కలిసిరాగలిగినచో, ఒక పల్లెలోని సంఘము తన బిడ్డల చదువు భారమును కలిసి మోయలేదా? కోత కాలమున పిడికెడు గింజలు ప్రత్యేకించుట మన తల్లులెరిగిన ఆచారము. అట్టి కానుకలో ఒక భాగమును ‘సి’ వర్గపు ధ్రువపత్రము తీసికొని నష్టపోయిన పిల్లల రుసుములకు ఉంచవచ్చును. ఉద్యోగములలో ఉన్న పూర్వవిద్యార్థులు సెలవులకు వచ్చినప్పుడు పోటీపరీక్షలకు చదువుచున్నవారికి పాఠములు చెప్పవచ్చును. నూటికి ఒక్క స్థానమే యున్నచో దానికి సిద్ధపడువారికి ఎక్కువ సహాయము కావలెను గాని తక్కువ కాదు. పెండ్లిమాటలలో కులమును విడిచిపెట్టుట, చట్టమును మార్చుమని కోరు విన్నపములలో అసలు పేర్లతో సంతకము చేయుట కూడ ఈ దీక్షలోనివే.

విద్యార్థులారా, అయిదేండ్ల ప్రాయమున మీ పేరిట ఎవరో వ్రాసిన మాటకు మీరు నిందార్హులు కారు. తల్లిదండ్రులను తీర్పుతీర్చుటయు మీ పని గాదు. వారు వ్రాసినదానివెనుక వారి ఆకలియు, మీయందలి ప్రేమయు కలవు. అయితే పెద్దవారలై మీ చేతితో మీరు వ్రాయు దినము వచ్చును. ఆనాటికి ఏమి వ్రాయవలెనో ఇప్పుడే ఇంటిలో ప్రేమతో మాటలాడుకొనుడి. కాపరితోను ఉపాధ్యాయులతోను ఆలోచించుడి. తల్లిదండ్రులారా, వ్రాత సరిచేసికొనదలచినచో తహసీలుదారు కచేరీలో అడుగవచ్చును. ఒంటరిగా వెళ్లనక్కరలేదు, సంఘపెద్దను వెంటబెట్టుకొని వెళ్లుడి. కాపరులారా, ఈ విషయమై ప్రసంగించుటకు ముందు మీ సంఘములో ఇందువలన నష్టపోయిన కుటుంబమేదో కనుగొని వారి యింటికి వెళ్లుడి.

సంఘమునకు బాప్తిస్మపు పుస్తకమొకటి కలదు. పాఠశాలకు పిల్లలను చేర్చుకొను పుస్తకమొకటి కలదు. ఈ రెండు పుస్తకములను ప్రక్కప్రక్కన తెరచినప్పుడు ఒకే బిడ్డ ఒకే మాటతో కనబడవలెను. ఆ మాట వ్రాయుటకు సత్యము, వ్రాసి తలయెత్తుకొని నడచుటకు ధైర్యము, అట్లు వ్రాసినవానిని కడవరకు విడువక మోయుటకు దీక్ష. మొదటి రెండును ఆ బిడ్డ నేర్చుకొనవలెను. మూడవది మనమందరము కలిసి నేర్చుకొనవలసినది.